అబ్లేషన్ అనంతర దీర్ఘకాలిక ఫలితాల అంచనా: స్కోరుల ప్రామాణ్యంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
కర్ణికా కంపనానికి చేసే క్యాథెటర్ అబ్లేషన్ ఎంతకాలం నిలుస్తుందో ముందుగా లెక్కగట్టడానికి గత పదిహేనేళ్లలో అనేక స్కోరులు వెలువడ్డాయి. ఈ వ్యాసం వాటి గణితాన్ని మాత్రమే గాక, అవి దేనిని ‘ఫలితం’ అంటున్నాయి, ఎవరి శరీరాల నుంచి పుట్టాయి, వైఫల్యానికి ఎవరిని బాధ్యులను చేస్తున్నాయి అన్న ప్రశ్నలను పరిశీలిస్తుంది. వ్యాధిసూచికకూ వ్యాధికారణానికీ ఉన్న భేదాన్ని విస్మరించడం ఈ రంగంలోని ప్రధాన దోషమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కర్ణికా కంపనం, క్యాథెటర్ అబ్లేషన్, పుపుస సిరలు, పునరావృతి, స్కోరులు, ఫైబ్రోసిస్, రుమాటిక్ హృద్రోగం.

1. ఉపోద్ఘాతం

గుండె పైగదులైన కర్ణికలు క్రమబద్ధంగా సంకోచించడం మాని, అస్తవ్యస్తమైన విద్యుత్ప్రేరణలతో వణకడాన్ని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. కర్ణికా కంపనం అన్న మాట దానికి దగ్గరగా ఉంటుంది గనుక ఇక్కడ ఆ మాటనే వాడటం జరిగింది. రోగి నోట మాత్రం అది గుండెదడ, ఆయాసం, నీరసం. కొందరికి ఏ లక్షణమూ తెలియదు. పక్షవాతం వచ్చి ఆసుపత్రికి చేరిననాడు తీసిన ఈసీజీలోనే అది మొదటిసారి బయటపడుతుంది.

ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిషెల్ ఐసాగెర్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనం ఈ వ్యాధి చికిత్సకు దారి మార్చింది. 45 మంది రోగులలో కంపనాన్ని రగిలించే 69 కేంద్రాలను ఆ బృందం గుర్తించింది. వాటిలో 65 కేంద్రాలు పుపుస సిరలలోనే ఉన్నాయి. ఊపిరితిత్తుల నుంచి శుద్ధరక్తాన్ని ఎడమ కర్ణికకు చేర్చే ఈ సిరల ముఖద్వారాలే రోగానికి నిప్పురవ్వలని తేలడంతో, వాటిని కర్ణిక నుంచి విద్యుత్పరంగా వేరుచేయడం చికిత్సకు మూలసూత్రమైంది. తొడ సిర గుండా సన్నని గొట్టాన్ని గుండెకు చేర్చి, కర్ణికల నడిమి గోడను దాటించి, సిరల ముఖద్వారాల చుట్టూ ఉన్న కణజాలాన్ని వేడితోగాని, అతిశీతలంతోగాని, ఇటీవలి పద్ధతిలో క్షణికమైన విద్యుత్ స్పందాలతోగాని నిర్జీవం చేస్తారు. అక్కడ ఏర్పడే మచ్చ విద్యుత్తుకు గోడగా నిలుస్తుంది.

ఆ గోడ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. దీనికి తొలి నిష్పాక్షిక సమాధానాలలో ఒకటి బోర్డో కేంద్రం నుంచే రావడం విశేషం. ఆ కేంద్రంలో చికిత్స పొందిన 100 మందిని ఐదేళ్లపాటు అనుసరించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఒకే ఒక్క అబ్లేషన్ తరువాత లయదోషం తిరిగి రానివారు మొదటి ఏడాదికి 40 శాతం, రెండవ ఏడాదికి 37 శాతం, ఐదవ ఏడాదికి 29 శాతం. అవసరమైనవారికి మళ్లీమళ్లీ చేసి, చివరి అబ్లేషన్ నుంచి లెక్కిస్తే ఆ అంకెలు వరుసగా 87, 81, 63. జర్మనీలోని హాంబర్గ్‌లో 161 మందిపై జరిగిన మరో అధ్యయనం 2010లో వెలువడింది. అది విడతలుగా వచ్చిపోయే కంపనం గలవారిపై జరిగింది. అయిదేళ్లకు కాస్త తక్కువ కాలంలో ఒక్క అబ్లేషన్‌తో సాధారణ లయలో నిలిచినవారు 46.6 శాతం, పలుమార్లు చేయించుకొన్నాక 79.5 శాతం.

బోర్డో అంకెలనే చూస్తే, ఒకే చికిత్సకు, ఒకే కాలవ్యవధికి, ఒకే రోగులకు 29 అని చెప్పినా నిజమే, 63 అని చెప్పినా నిజమే. రోగికి చెప్పే అంకెలో ఈ రెంటిలో ఏది దాగి ఉందో తెలియనంతవరకు ఆ అంకెకు అర్థం లేదు. అంచనా స్కోరులను విమర్శించే ముందు, అవి అంచనా వేసే వస్తువునే నిలదీయవలసి రావడానికి కారణం ఇదే.

2. ‘విజయం’ అన్న మాటకు కొలత

హృదయలయ నిపుణుల అంతర్జాతీయ సంఘాలు 2007 నుంచి వెలువరిస్తూ వచ్చిన ఏకాభిప్రాయ పత్రాలు అబ్లేషన్ వైఫల్యానికి ఒక నిర్వచనం స్థిరపరిచాయి. చికిత్స తరువాత కొంత ఉపేక్షాకాలం గడిచాక, 30 సెకన్లకు మించి కర్ణికాజన్య లయదోషం నమోదైతే అది పునరావృతి. ఆ ఉపేక్షాకాలం చాలాకాలం మూడు నెలలుగా ఉండి, 2024 నాటి పత్రంలో ఎనిమిది వారాలకు తగ్గింది. పదవ వారంలో మాత్రమే కంపనం వచ్చిపోయిన రోగి పాత లెక్కలో విజేత, కొత్త లెక్కలో పరాజితుడు. అతని గుండెలో మారినది ఏమీ లేదు.

30 సెకన్ల కొలత శరీరధర్మం నుంచి పుట్టినది కాదు. పరిశోధకులు ఒకరితో ఒకరు పోల్చుకొనేందుకు కుదుర్చుకొన్న ఒడంబడిక అది. ఒడంబడికగా దాని ఉపయోగం కాదనలేనిది. చిక్కంతా అది రోగి అనుభవానికి ప్రతినిధిగా చలామణి కావడంలో ఉంది. చికిత్సకు పూర్వం నెలలో పది రోజులు కంపనంతో మంచం పట్టిన మనిషికి, చికిత్స తరువాత ఏడాదిలో ఒకసారి నిద్రలో ఒక నిమిషం కంపనం వచ్చి పోయిందనుకొందాం. రోగి దృష్టిలో అది కొత్త జీవితం, నిర్వచనం ప్రకారం వైఫల్యం.

ఈ వైరుధ్యాన్ని కెనడాలో జరిగిన సర్కా-డోస్ అధ్యయనం కళ్లకు కట్టింది. 346 మంది రోగులకూ చర్మం కింద అమర్చే సూక్ష్మ పర్యవేక్షణ పరికరాలు పెట్టి, క్షణక్షణం లయను నమోదు చేశారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది గడిచేసరికి ఏ లయదోషమూ నమోదు కానివారు, మూడు చికిత్సా విధానాలలోనూ, 52 నుంచి 54 శాతం మాత్రమే. కానీ మొత్తం కాలంలో కంపనంలో గడిచిన భాగం, అంటే రోగభారం, అన్ని విధానాలలోనూ 98 శాతానికి మించి తగ్గింది. సగంమందికి దగ్గరగా విఫలమైన చికిత్స, రోగభారాన్ని దాదాపు తుడిచిపెట్టిన చికిత్స ఒక్కటే. ప్రచారంలో ఉన్న స్కోరులన్నీ మొదటి అంకెను ఊహించడానికి తయారైనవే.

పర్యవేక్షణ గాఢతకు సంబంధించిన మరో దోషం ఉంది. ఏడాదికి రెండుసార్లు 24 గంటల హోల్టర్ పరీక్ష చేయించుకొనే రోగిలో కంటె, నిరంతర పరికరం మోసే రోగిలో పునరావృతి ఎక్కువగా ‘దొరుకుతుంది’. ఎక్కువగా చూసినచోట ఎక్కువ వైఫల్యాలు కనిపిస్తాయి. కాబట్టి ఒక ఆసుపత్రి సమాచారంతో తయారైన స్కోరులో ఆ ఆసుపత్రి రోగుల గుండెలతోపాటు, అక్కడి పరీక్షల అలవాటు కూడా కలిసి ఉంటుంది. దానిని విడదీసే ప్రయత్నం చేసిన స్కోరులు అరుదు.

లయ సంగతి అలా ఉంచి, ఆయుష్షు సంగతి చూస్తే చిత్రం ఇంకా మారుతుంది. పది దేశాలలో 2204 మందితో జరిగి 2019లో వెలువడిన కబానా అధ్యయనంలో మరణం, వైకల్యకారక పక్షవాతం, తీవ్ర రక్తస్రావం, గుండె ఆగిపోవడం కలిపిన ప్రధాన ఫలితం అబ్లేషన్ వర్గంలో 8.0 శాతం, మందుల వర్గంలో 9.2 శాతం. ఈ తేడా గణాంకపరంగా నిలవలేదు. అదే అధ్యయనంలో కంపనం తిరిగి రావడం మాత్రం అబ్లేషన్ వర్గంలో దాదాపు సగానికి తగ్గింది. మందుల వర్గంలో పెట్టినవారిలో 27.5 శాతం మంది తరువాత అబ్లేషన్‌కు మారిపోవడం వల్ల ఈ ఫలితాన్ని ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చదువుకొన్నాయి. దీనికి భిన్నంగా, గుండె వైఫల్యం కూడా ఉన్న 363 మందితో జరిగిన క్యాజిల్-ఏఎఫ్ అధ్యయనంలో మరణంగాని, గుండె వైఫల్యం ముదిరి ఆసుపత్రిలో చేరడంగాని అబ్లేషన్ వర్గంలో 28.5 శాతం, మందుల వర్గంలో 44.6 శాతం. ఎడమ జఠరిక బలహీనంగా ఉండటాన్ని పునరావృతి స్కోరులలో కొన్ని ప్రతికూల లక్షణంగా లెక్కిస్తాయి. క్యాజిల్-ఏఎఫ్‌లో ఆ లక్షణం గలవారే ప్రాణాల రీత్యా ఎక్కువ లాభం పొందారు. లయకు చెడ్డ సూచన అయినది జీవితానికి మంచి సూచన కాగలదన్న ఈ ఒక్క విషయం చాలు, ‘దీర్ఘకాలిక ఫలితం’ అన్న పదబంధాన్ని ఏకవచనంలో వాడకూడదని చెప్పడానికి.

3. స్కోరుల నిర్మాణం, నైపుణ్యం, లోపం

తొలుత పరిశోధకులు కొత్త స్కోరులు తయారుచేయకుండా ఉన్నవాటినే అరువు తెచ్చుకొన్నారు. పక్షవాతం ప్రమాదాన్ని కొలవడానికి పుట్టిన చాడ్స్-వాస్క్, కంపనం విడతల దశ నుంచి నిలకడ దశకు ముదరడాన్ని ఊహించేందుకు పుట్టిన హ్యాచ్ ఇలా అబ్లేషన్ సాహిత్యంలోకి ప్రవేశించాయి. అరువు సొమ్ము ఎక్కువకాలం నిలవలేదు. అనంతరం ఈ చికిత్సకే ప్రత్యేకమైన ఆపిల్, క్యాప్-ఏఎఫ్, ఎంబీ-లేటర్, బేస్-ఏఎఫ్, అట్లాస్ వంటివి వచ్చాయి. ఆంగ్ల పదాల తొలి అక్షరాలను కూర్చి గుర్తుండే మాట తయారుచేయాలన్న మోజు వీటన్నిటిలో ఉంది. ఆపిల్‌లోని రెండు ‘పీ’లలో ఒకటి ‘ఇంపెయిర్డ్’ అన్న మాట నడుమ నుంచి లాగినది. యతి కుదరక పదాన్ని విరిచే కవిని విమర్శకులు ఊరక వదలరు. వైద్యులు మాత్రం వదిలేశారు.

జర్మనీలోని లైప్‌జిగ్ కేంద్రంలో రూపొంది 2015లో వెలువడిన ఆపిల్‌ను నమూనాగా పరిశీలించవచ్చు. వయస్సు 65 దాటడం, కంపనం నిలకడ రూపంలో ఉండటం, మూత్రపిండాల వడపోత 60కి తగ్గడం, ఎడమ కర్ణిక వ్యాసం 43 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉండటం, ఎడమ జఠరిక పంపుశక్తి 50 శాతానికి తగ్గడం అన్న ఐదు అంశాలకు ఒక్కొక్క మార్కు. ఎక్కడైనా దొరికే సమాచారంతో, పడకపక్కనే వేళ్లమీద లెక్కించగలగడం దీని గుణం. చాడ్స్-వాస్క్ కంటె ఇది మెరుగని రచయితలు నిరూపించారు కూడా. 1145 మంది రోగులలో దీని వివేచనాశక్తి 0.634.

ఈ అంకెను విడమరిచి చెప్పుకోవాలి. పునరావృతి వచ్చిన ఒక రోగినీ, రానివారిలో ఒకరినీ యాదృచ్ఛికంగా ఎంచి పక్కపక్కన నిలబెడితే, వచ్చినవారికే స్కోరు ఎక్కువ మార్కులు ఇచ్చే సంభావ్యతే ఆ శక్తి. నాణెం ఎగరేసినా 0.5 వస్తుంది. 1 వస్తే తప్పే లేదు. 0.634 అంటే నాణెం కంటె మెరుగు, అంతే. పెద్ద సమూహంలో సగటు వ్యత్యాసాన్ని చూపడానికి అది చాలుతుంది. ఎదుట కూర్చున్న ఒక మనిషికి ‘చేయించుకో’, ‘మానుకో’ అని చెప్పడానికి చాలదు. తరువాతి స్కోరులు తమ జన్మస్థలంలో కొంత మెరుగైన అంకెలు చూపినా, పరాయి ఆసుపత్రులలో పరీక్షించినప్పుడు చాలావరకు 0.6, 0.7ల మధ్యకే జారాయి.

వివేచన ఒక ఎత్తు, యథార్థతతో పొత్తు మరో ఎత్తు. స్కోరు నూటికి 30 మందికి తిరిగి వస్తుందని చెప్పిన సమూహంలో నిజంగా 30 మందికే వచ్చిందా అన్నది రెండవ పరీక్ష. అంచనా నమూనాల ప్రచురణకు 2015లో వచ్చిన ట్రైపాడ్ మార్గదర్శకాలు దీనిని తప్పక నివేదించాలని కోరాయి. రోగికి శాతాలలో మాట్లాడాలంటే అవసరమైనది ఈ రెండవ పరీక్షే. అయినా అబ్లేషన్ స్కోరుల గురించిన వ్యాసాలలో మొదటిదానికి దక్కిన చోటు దీనికి దక్కలేదు.

స్కోరులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే బయటపడే వైరుధ్యాలు మరింత ఆసక్తికరమైనవి. ఎంబీ-లేటర్ మగవారికి ఒక మార్కు వేస్తుంది. దాని పేరులోని తొలి అక్షరమే పురుషుణ్ణి సూచిస్తుంది. క్యాప్-ఏఎఫ్, అట్లాస్ ఆడవారికి మార్కు వేస్తాయి. ఒకే వ్యాధి, ఒకే చికిత్స. స్త్రీగా పుట్టడం ఒకచోట రక్ష, మరోచోట శిక్ష. ఇది జీవశాస్త్రపు చిక్కుముడి కంటె ఆసుపత్రి గడప దాకా వచ్చే దారికి సంబంధించిన విషయమని భావించడం సమంజసం. స్త్రీలను అబ్లేషన్‌కు పంపడంలో ఆలస్యం జరుగుతుందనీ, వారు ఎక్కువ వయస్సులో, ఎక్కువ మందులు విఫలమయ్యాక ఈ చికిత్సకు చేరుతారనీ అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. ఆ దారిలో కలిగిన నష్టం స్కోరులో ‘స్త్రీ’ అన్న పేరుతో నమోదవుతుంది. ఆ మార్కును చూసి మళ్లీ ఆమెను ఆలస్యంగా పంపితే, స్కోరు తన జోస్యాన్ని తానే నిజం చేసుకొంటుంది.

ఎంబీ-లేటర్, బేస్-ఏఎఫ్‌లలో ఉన్న మరో అంశం ‘తొలి పునరావృతి’, అంటే చికిత్స జరిగిన మొదటి నెలలలో కంపనం కనిపించడం. ఇది బలమైన సూచికే. కానీ ఇది తెలిసేది చికిత్స జరిగాక. చికిత్స చేయాలా వద్దా అన్న నిర్ణయానికి అది పనికిరాదు. మబ్బు పట్టాక వాన వస్తుందని చెప్పడం తప్పు కాదు. విత్తనాలు చల్లక ముందు చెప్పమని రైతు అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. ఎంబీ-లేటర్ ఏడాది దాటాక వచ్చే పునరావృతి కోసం ఉద్దేశించినదన్న మాట నిజమే గనుక దాని రచయితలను దీనికి తప్పుపట్టలేము. దానిని ముందస్తు నిర్ణయానికి వాడే పాఠకుడిదే ఆ తప్పు.

వీటన్నిటికీ మించిన లోపం ఒకటుంది. పైన చెప్పిన హాంబర్గ్ అధ్యయనంలో రెండవసారి అబ్లేషన్ చేయవలసి వచ్చిన 66 మందిలో 62 మందికి, మొదటిసారి వేరుచేసిన పుపుస సిరలు తిరిగి కర్ణికతో విద్యుత్ సంబంధం ఏర్పరచుకొన్నాయని తేలింది. మచ్చలో ఎక్కడో సందు మిగిలింది, ఆ సందులోంచి ప్రేరణ దాటింది. అంటే కనీసం ఆ రోగులలో విఫలమైనది మొదట కట్టిన గోడ. అది క్యాథెటర్ ఒత్తిడిపై, వేడి లేదా చలి కణజాలంలోకి దిగిన లోతుపై, పరికరంపై, వైద్యుని చేతిపై ఆధారపడేది. పైన పేర్కొన్న ఏ స్కోరులోనూ వీటిలో ఒక్కదానికీ మార్కు లేదు. వయస్సు, లింగం, కర్ణిక పరిమాణం, మూత్రపిండాలు, పొగతాగడం: అన్నీ రోగివే. వైఫల్యానికి కారణాలను పూర్తిగా రోగి శరీరంలో వెతికే పట్టిక, తనకు తెలియకుండానే వైద్యుణ్ణి ముద్దాయిల జాబితా నుంచి తప్పిస్తుంది. రోగి సమాచారం దస్త్రాలలో సులభంగా దొరకడం, చికిత్సా నైపుణ్యాన్ని అంకెలో పెట్టడం కష్టం కావడం దీనికి కారణాలు కావచ్చు. కారణం ఏదైనా ఫలితం న్యాయసమ్మతం కాదు.

అయితే ఎక్కువ కాల్చితే ఎక్కువ ఫలమన్న తర్కమూ నిలవలేదు. నిలకడ కంపనం గల 589 మందితో జరిగి 2015లో వెలువడిన స్టార్ ఏఎఫ్-2 అధ్యయనంలో, 18 నెలలకు కంపనం తిరిగి రానివారు సిరలను మాత్రమే వేరుచేసిన వర్గంలో 59 శాతం, అదనంగా సంక్లిష్ట విద్యుత్ సంకేతాలున్న చోట్లను కూడా కాల్చిన వర్గంలో 49 శాతం, అదనపు గీతలు వేసిన వర్గంలో 46 శాతం. తేడా గణాంకపరంగా నిర్ణాయకం కాకపోయినా, అదనపు శ్రమకు అదనపు లాభం కనబడలేదన్నది స్పష్టం. గోడ ఎంత పొడవుగా కట్టారన్నది కాక, కట్టినది చెక్కుచెదరక నిలిచిందా అన్నదే ప్రశ్నగా మిగిలింది.

4. సూచిక కారణం కాదు

కర్ణిక గోడలో కండర కణాల స్థానంలో నారకణజాలం పేరుకోవడాన్ని ఫైబ్రోసిస్ అంటారు. దీనిని ఎంఆర్ఐలో కొలవవచ్చని, ఆ కొలత పునరావృతిని ఊహిస్తుందని 2014లో వెలువడిన డెకాఫ్ అధ్యయనం చూపింది. 260 మంది విశ్లేషణలో, ఫైబ్రోసిస్ పది శాతానికి లోపు ఉన్నవారిలో 325వ రోజుకు పునరావృతి 15.3 శాతం. అత్యధిక దశలో ఉన్నవారిలో 51.1 శాతం. ఇంత స్పష్టమైన మెట్లవరుస ఈ రంగంలో అరుదు. దీనితో పరిశోధకులకు సహజంగానే ఒక ఆలోచన కలిగింది. పునరావృతిని ఊహించే ఫైబ్రోసిస్‌ను గురిచూసి కాల్చితే పునరావృతి తగ్గాలి కదా?

ఆ ఆలోచనను 843 మందిలో పరీక్షించిన డెకాఫ్-2 ఫలితాలు 2022లో వచ్చాయి. సిరలతోపాటు ఫైబ్రోసిస్ ప్రాంతాలను కూడా లక్ష్యం చేసిన వర్గంలో పునరావృతి 43.0 శాతం, సిరలకే పరిమితమైన వర్గంలో 46.1 శాతం. గణాంకపరంగా తేడా లేదు. పైగా మొదటి వర్గంలో ఆరుగురికి పక్షవాతం వచ్చింది, రెండవ వర్గంలో ఎవరికీ రాలేదు. సూచికను కారణంగా భ్రమించడానికి రోగులు చెల్లించిన మూల్యం అది. పొగను చూసి నిప్పును ఊహించడం న్యాయశాస్త్రంలో అనుమాన ప్రమాణం. పొగను ఆర్పితే నిప్పు ఆరుతుందనడం ఏ శాస్త్రంలోనూ ప్రమాణం కాదు. న్యాయశాస్త్రం చదివిన తెలుగు పాఠకుడికి ఇది కొత్త సంగతి కాదు. గణాంకశాస్త్రం చదివిన వైద్యపరిశోధకుడు దీనిని మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

వ్యాధి నిర్ధారణకూ అబ్లేషన్‌కూ నడుమ గడిచిన కాలం విషయంలోనూ ఇదే జరిగింది. ఆలస్యమైన కొద్దీ పునరావృతి ఎక్కువని పరిశీలనాత్మక అధ్యయనాలన్నీ కలిపి చూసిన విశ్లేషణ 2020లో తేల్చింది. ఆలస్యం స్కోరులలో చేర్చదగిన అంశంగా చాలామందికి తోచింది. తరువాత ఆస్ట్రేలియాలో 100 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి వెంటనే, మరో వర్గానికి ఏడాది మందులతో గడిపాక అబ్లేషన్ చేస్తే, ఏడాది ఫలితాలలో తేడా కనబడలేదు. చిన్న అధ్యయనమే. ఏడాదికి మించిన ఆలస్యం గురించి అది ఏమీ చెప్పదు. కానీ ఆలస్యంగా వచ్చేవారు ఆలస్యం వల్లనే విఫలమవుతున్నారా, లేక ఆలస్యంగా వచ్చేవారే వేరు రకం మనుషులా అన్న సందేహాన్ని అది బలపరిచింది.

మూడవ ఉదాహరణ దీనికి ఎదురుదిక్కు నుంచి వస్తుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ బృందం బరువు, రక్తపోటు, చక్కెర, నిద్రలో శ్వాస ఆగడం, మద్యం, పొగ వంటి వాటిని క్రమశిక్షణతో అదుపుచేస్తే అబ్లేషన్ ఫలితం ఎక్కువకాలం నిలుస్తుందని 2014లో అరెస్ట్-ఏఎఫ్ పేరిట చూపింది. ఇందులో 61 మంది ఆ కార్యక్రమంలో చేరడానికి ఒప్పుకొన్నవారు, 88 మంది ఒప్పుకోనివారు. యాదృచ్ఛిక విభజన కాదు గనుక ఒప్పుకొన్నవారి స్వభావమే ఫలితానికి కొంత కారణం కావచ్చు. అదే బృందం 2015లో 355 మందితో ప్రచురించిన లెగసీ అధ్యయనంలో, బరువులో పదిశాతం లేదా ఎక్కువ తగ్గి నిలబెట్టుకొన్నవారు లయదోషం లేకుండా ఉండే అవకాశం ఆరురెట్లు. ఈ అధ్యయనాల పరిమితులు ఎన్ని ఉన్నా, అవి లేవనెత్తిన ప్రశ్న స్కోరుల పునాదిని కదిలిస్తుంది. స్కోరు చికిత్సనాటి బరువును స్థిరమైన లక్షణంగా తీసుకొంటుంది. రోగి మాత్రం స్థిరంగా ఉండడు. ఐదేళ్ల భవిష్యత్తు ఒక్కరోజు కొలతలలో మడిచి పెట్టబడి ఉందని నమ్మడం జాతకచక్రం వేసే పద్ధతికి దగ్గర.

యంత్రాభ్యసన నమూనాలు ఈ పరిమితిని దాటతాయన్న ఆశ ఇటీవల ప్రబలింది. ఈసీజీ తరంగాన్ని, సీటీ చిత్రాన్ని, వందల అంశాలను ఒకేసారి నమిలి అవి ఫలితం చెప్పగలవు. వివేచనాశక్తి కొన్నిచోట్ల పెరిగింది కూడా. కానీ వాటికి నేర్పిన పాఠం అదే 30 సెకన్ల పాఠం. తప్పు ప్రశ్నకు సూక్ష్మమైన సమాధానం, స్థూలమైన సమాధానం కంటె ప్రమాదకరం. ఎందుకంటే దానిని ఎక్కువమంది నమ్ముతారు.

5. ఎవరి శరీరాలు, ఎవరి అంకెలు

భారత హృదయలయ సంఘం దేశంలోని 24 కేంద్రాల నుంచి 1537 మంది కర్ణికా కంపన రోగుల వివరాలను సేకరించి 2017లో ప్రచురించింది. రోగుల సగటు వయస్సు 55 ఏళ్లకు లోపు. దాదాపు సగంమందికి, 47.6 శాతానికి, రుమాటిక్ హృద్రోగం ఉంది. ఐరోపా, అమెరికా, జపాన్ అబ్లేషన్ సమూహాలలో ఇది దాదాపు కనబడదు. మిట్రల్ కవాటం ఇరుకైనవారిని ఆ సమూహాల నుంచి తరచు మినహాయిస్తారు కూడా. బాల్యంలో గొంతునొప్పితో మొదలై, కవాటాన్ని మూసుకుపోయేలా చేసి, ఎడమ కర్ణికను ఏళ్ల తరబడి ఉబ్బించిన ఈ వ్యాధి, 65 ఏళ్ల జర్మన్ రోగి రక్తపోటు వల్ల వచ్చిన కంపనంతో పేరును మాత్రమే పంచుకొంటుంది. ఆపిల్ స్కోరును ఇటువంటి 40 ఏళ్ల స్త్రీకి వర్తింపజేస్తే వయస్సుకు సున్న, మూత్రపిండాలకు సున్న, పంపుశక్తికి సున్న వచ్చి, కర్ణిక పరిమాణానికి ఒకటి, నిలకడ కంపనానికి ఒకటి దక్కుతాయి. అయిదింట రెండే మార్కులు వచ్చాయి గనుక ఆమె గుండె పరిస్థితి మధ్యస్థమని చెప్పే సాహసం ఏ వైద్యుడూ చేయకూడదు. ఆ అంకె తప్పు అనడం కంటె, ఆమె విషయంలో అది అంకే కాదు అనడం సరైనది.

రుమాటిక్ రోగులను పక్కనపెట్టినా కొలబద్ద ఇబ్బంది మిగులుతుంది. 43, 47 మిల్లీమీటర్లన్న హద్దులు శరీర పరిమాణానికి సర్దుబాటు చేయనివి. ఆరడుగుల మనిషికి మామూలైన కర్ణిక అయిదడుగుల మనిషికి పెద్దది కావచ్చు. ఒకే హద్దు ఇద్దరికీ వాడితే పొట్టివారి వ్యాధి తక్కువగా కనబడుతుంది. అట్లాస్ ఒక్కటి శరీర ఉపరితలానికి సరిచూసిన కర్ణిక ఘనపరిమాణాన్ని తీసుకోవడం ఇందులో ప్రశంసించదగిన ముందడుగు.

పర్యవేక్షణ గురించి రెండవ భాగంలో చెప్పిన మాట ఇక్కడ మరింత పదునెక్కుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖకో, ఆదిలాబాదు నుంచి హైదరాబాదుకో వచ్చి అబ్లేషన్ చేయించుకొన్న రోగి, దడ లేకపోతే మళ్లీ ఆ దూరం ప్రయాణం చేయడు. హోల్టర్ పరీక్ష అతని దృష్టిలో బాగున్న మనిషికి దండగ ఖర్చు. కూలి పోయేదీ, తోడు వచ్చిన కొడుకు పని మానేదీ లెక్కలోకి వస్తాయి. తిరిగి రానివారంతా దస్త్రంలో ‘పునరావృతి లేదు’ అన్న గడిలో చేరితే, ఆ కేంద్రం విజయశాతం అబద్ధమంత అందంగా ఉంటుంది. అటువంటి సమాచారంతో దేశీయ స్కోరు ఒకటి తయారుచేసినా అది గుండెను కాక బస్సు చార్జీని కొలిచినట్లే అవుతుంది.

6. చెప్పే భాష, ఆపే మందు

తెలుగులో ‘ప్రిడిక్షన్’కు సమానార్థకాలుగా జోస్యం, అంచనా, సూచన, ముందస్తు లెక్క అన్నవి వాడుకలో ఉన్నాయి. జోస్యం నెరవేరుతుంది లేదా తప్పుతుంది. అంచనా ఎక్కువ తక్కువలుగా ఉంటుంది. ‘మీకు డెబ్బై శాతం తగ్గుతుంది’ అన్న మాటను రోగి రెండు విధాలుగా వినగలడు. నూరుమందిలో డెబ్బై మందికి పూర్తిగా నయమవుతుందని ఒక అర్థం. తన దడలో డెబ్బై పాళ్లు తగ్గి, ముప్ఫై పాళ్లు మిగులుతుందని మరో అర్థం. తెలుగు వాక్యనిర్మాణంలో రెండవ అర్థమే ముందు స్ఫురిస్తుంది. చిత్రమేమంటే, సర్కా-డోస్ వంటి అధ్యయనాలు చెప్పే రోగభారం రెండవ అర్థానికే దగ్గర. రోగి తన భాషలో సహజంగా అడిగే ప్రశ్నకు జవాబు శాస్త్రం దగ్గర ఉంది. స్కోరు దగ్గర లేదు.

ఈ అస్పష్టత ప్రాణాంతకం కాగల చోటు రక్తం పలుచబరిచే మందుల దగ్గర ఉంది. అబ్లేషన్ విజయవంతమైందని విన్న రోగి మొదట ఆపాలనుకొనేది ఆ మందునే. అది ఖర్చు, రక్తపరీక్షల బాధ, చిన్న గాయమైనా ఆగని నెత్తురు భయం. చికిత్స తరువాత కనీసం రెండు మూడు నెలలు ఆ మందు కొనసాగాలనీ, ఆ పైన కొనసాగించాలా వద్దా అన్నది లయ నిలిచిందా లేదా అన్నదానిపై కాక రోగికి పక్షవాతం ప్రమాదం ఎంత అన్నదానిపై ఆధారపడాలనీ మార్గదర్శకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. పునరావృతి స్కోరు తక్కువ వచ్చిందని మందు ఆపడం ఒక తూకపురాయితో మరొక వస్తువును తూచడం. రుమాటిక్ కవాటవ్యాధి గలవారి విషయంలో జాగ్రత్త మరింత అవసరం. 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో, అటువంటి రోగులకు కొత్తతరం మందైన రివరాక్సబాన్ కంటె పాతతరం విటమిన్-కె విరోధక మందులే మరణాలను తగ్గించాయి.

ఈ విషయంలో 2025లో దక్షిణ కొరియా నుంచి వెలువడిన అలోన్-ఏఎఫ్ అధ్యయనం కొంత సడలింపునకు చోటిచ్చింది. అబ్లేషన్ తరువాత కనీసం ఏడాదిపాటు లయదోషం నమోదు కాని 840 మందిలో, మందు ఆపినవారికి పక్షవాతం, రక్తప్రసరణలో గడ్డలు, తీవ్ర రక్తస్రావం కలిపిన ప్రమాదం కొనసాగించినవారి కంటె తక్కువగా ఉంది. తేడాకు ముఖ్య కారణం రక్తస్రావం తగ్గడమే. మందు ఆపడానికి ఇది అనుమతిపత్రం అన్నట్లుగా చదివే ప్రమాదం ఉంది. కానీ ఆ 840 మందికి లయ నిలుస్తుందని ఏ స్కోరూ ముందుగా చెప్పలేదు. ఏడాది గడిచాక, పరీక్షలు చేశాక, నిలిచిందని చూసి ఎంచుకొన్న మనుషులు వారు.